ఎనుమాముల, ఎడమ చెంప

నొప్పంటే వాపుండాలె, నెత్తురుండాలె,
కనీసం కమిలిన మచ్చన్నా ఉండాలె.
నా మొహం మీద ఏం లేదు,
ఒక్క దిక్కే గీసిన గడ్డం తప్ప.

పోయినేడు మాఘం. జెండా పాటకు
రేగొండ ఓదెలు సరుకే ఎంచిండ్రు.
తేజ రకం, కల్లంల ఎండి గలగలమనే కాయ.
పదిహేడు వేల ఆరొందలు అన్న.
ఏడొందలు అన్న.
ఎనిమి...
ఘాటుకు తుమ్మొచ్చింది.
తుమ్ముతోటి చెవి ముందుకెల్లి పెదవి అంచు దాక
ఎవడో కరెంటు తీగ గుంజి ఇడిసిపెట్టినట్టు.
ఐదు లెక్కవెట్టేంత సేపు. గంతే.
గంత సేపట్ల సేటు బస్త మీద చెయ్యేసిండు,
పాట ఏడొందల కాడ ఆగింది.

ఓదెలు దగ్గరికొచ్చి మెల్లగనే అడిగిండు:
"ఎంతకు అమ్ముడువోయినవ్?"
జవాబు చెప్పాలంటే నోరు తెరవాలె.
తెరవలే.

పోచమ్మమైదాన్ల పండ్ల డాక్టరు రెండు దంతాలు పీకిండు.
మూడోది పీకుతనంటే లేచొచ్చిన.
పన్ను లేని జాగల పన్ను నొస్తంటే
ఎవలతోని చెప్పుకోవాలె?
మా కేతవ్వ చెంపకు పసుపు పెట్టబోయింది.
వేలు తగలకముందే అరిచిన.
ఆ వేలు కొంగుకు తుడుసుకొని
రెండు రోజులు నాతోని మాట్లాడలే.
అదే మంచిగుందనుకున్న,
జవాబియ్యాల్సిన పని లేదని.

హన్మకొండల నొప్పుల డాక్టరమ్మ పేరు తబస్సుమ్.
అంటే చిరునవ్వట, హమాలి ఖాజామియా చెప్పిండు.
ఆమె చెంప ముట్టలే.
గాలి తగిల్తే? సైకిల్ మోటర్ మీద పోతే?
నీళ్లు పుక్కిలిస్తే?
తల ఊపిన.
పండ్లు తోముకుంటే?
అప్పుడు ఏడ్సిన, తల కుడి దిక్కు వంచి,
కన్నీళ్లు ఎడమ చెంపకు తగలకుంట.

గోళీలు మొదలైనయి.
పొద్దుగాల వంద, రాత్రి వంద.
నొప్పి పాట పెంచింది.
నాలుగొందలు అన్నది డాక్టరమ్మ.
నొప్పి ఒప్పుకోలే.
ఆరొందలు.
నా బతుకుల మొదటిసారి
సరుకు దిక్కు నిలవడి వేలం చూసిన.
ఎనిమిదొందల కాడ నొప్పి తగ్గింది,
నేను గూడ తగ్గిన.
యార్డంత పడవ లెక్క ఊగేది,
ఒక్క బస్త రెండు బస్తలయ్యేది,
పదిహేడు తర్వాత ఏమొస్తదో యాదికి రాకపోయేది.
నెత్తురు పరీక్షల ఉప్పు తక్కువైందన్నరు.
ముప్పై ఏండ్లు కారంల బతికినోనికి
ఉప్పు తక్కువైందట.

ఇగ సూదే అన్నది.
బల్ల మీద పండవెట్టి
తెర మీద నా పుర్రె చూపెట్టిండ్రు.
దాని అడుగున చిన్న తూటు,
నరం అండ్లకెల్లే మొహంలకు దిగుతదట.
పెదవి పక్కకెల్లి సూది దోపుకుంట
"అంకెలు చెప్పు" అన్నది.
అలవాటుకు వేలల్ల చెప్పిన.
పద్దెనిమిది వేల కాడ
చెంప మెల్లగ నాది కాకుంట పోయింది.

ఇప్పుడు రెండు దిక్కుల గడ్డం గీస్త.
తెగితే అద్దం చెప్తది.
చాయ్ కారితే ఎదుటోని కండ్లు చెప్తయి.
సుఖమా అంటే కాదు. నొప్పి లేదు.
రెండూ వేరే.
తొమ్మిది నెలలు, ఎక్కువైతే యేడాది,
నరం మళ్ల మేలుకుంటదన్నది డాక్టరమ్మ.
మళ్ల రమ్మన్నది.

ఈ మాఘం ఓదెలు మళ్లొచ్చిండు.
చూసీ చూడనట్టు బస్తాలు దించిండు.
నాలిక సగం తిమ్మిరి,
'వేల' అంటే 'యేల' అనొస్తంటే
పిల్ల గుమస్తాలు నవ్విండ్రు.
ఘాటు లేసింది.
కండ్లు గట్టిగ మూసుకొని
తుమ్మిన.
ఏం కాలే.
ఉత్త తుమ్ము.
ఎనిమిదొందలు అన్న. తొమ్మిదొందలు అన్న.

చిట్టి తీసుకుంట నా వంకర మూతి దిక్కు చూసి
"పొద్దుగాల్నే తాగినవా?" అన్నడు.
లేదని నోటితోనే చెప్పొచ్చు, నొయ్యదిప్పుడు.
అయినా జేబులకెల్లి గోళీల పట్టీ తీసి చూపెట్టిన,
నా చెంప మీద వేలు పెట్టి
చెవి కాడ్నుంచి పెదవి దాక గీత గీసిన.
పట్టీ తిప్పి తిప్పి చూసిండు.
"మా అవ్వకు గూడ గిదే గీత.
గాలి సోకిందన్నరు.
మేము వాత పెట్టిచ్చినం" అన్నడు.

పక్క బస్త కుట్టు కోసిండ్రు.